నెమలిగుట్ట మీద కుడి పాదం

“మిగతా మూడు కాళ్ళు యాడ పెట్టింది?”

లూదియా ఆ మాట పైకే అనేసింది. చుట్టుపక్కల వినేవాళ్ళు ఎవరూ లేరు. పాత క్వారీ గుంత అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఎండి గట్టిపడిన బురదలోని పాదముద్రలకు ఫోన్‌తో ఫోటోలు తీస్తోంది. గుండ్రటి అరికాలి మెత్త, దాని ముందు నాలుగు వేళ్ళు. ఎవరు చూసినా చిరుత అడుగులే అంటారు. మల్లెలవంక ఊరంతా అదే అంటోంది. కానీ వరసగా ఎన్ని చూసినా అన్నీ కుడి ముందరి పాదాలే. ఎడమది లేదు. వెనకవి లేవు.

నాలుగు కాళ్ళ జంతువు ఒంటికాలి మీద గెంతుతూ పోదు.

ఈ గుంతలోనే బుధవారం సాయంత్రం బెన్నీ చనిపోయాడు. ఆళ్లగడ్డలో సైన్సు టీచరు, నెమలిగుట్ట పరిరక్షణ సమితి కార్యదర్శి. నెమలిగుట్ట మల్లెలవంక ఊరి ఉమ్మడి మేత భూమి. దాని వెనక నల్లమల అడవి మొదలవుతుంది. గుట్టను నాపరాయి క్వారీకి లీజు తీసుకోవాలని శేషయ్య అనే కాంట్రాక్టరు రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ఇది చిరుతలు తిరిగే దారి, గుట్టను ముట్టుకోవద్దని సమితి పోరాడుతోంది. అప్పుడప్పుడు గుట్ట మీద కనపడే పాదముద్రలే సమితి చేతిలో ఉన్న ఆధారం.

ఆ ముద్రలను పరిశీలించడానికి గురువారం పొద్దున అటవీ సిబ్బంది వచ్చారు. వాళ్ళకు మొదట కనపడింది బెన్నీ శవం. తల పగిలింది. ఎడమ చేతి మీద కాట్లు. గుంత అంచు చుట్టూ చిరుత అడుగులు. ఇంకేం కావాలి? చిరుత మీద పడి సారును గుంతలోకి తోసిందని ఊరు తేల్చేసింది. ఊరివాళ్ళ ఒత్తిడికి గుట్ట కింద బోను పెట్టారు. రేపు గ్రామసభ. గుట్టను ఇచ్చేది లేదని మొన్నటిదాకా సంతకాలు పెట్టినవాళ్ళే ఇప్పుడు క్వారీ వస్తే పీడ విరగడవుతుందని అంటున్నారు.

లూదియా ఒకప్పుడు పోలీసు ఎస్సై. ఆ ఉద్యోగం వదిలేసి నంద్యాలలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఈ కేసు ఆమెకు అప్పగించింది సమితి అధ్యక్షురాలు ఉమామహేశ్వరమ్మ. ఆమె రిటైరైన జువాలజీ లెక్చరరు. డిగ్రీలో లూదియాకూ, తర్వాత బెన్నీకీ పాఠం చెప్పింది. “చిరుత తప్పేం లేదని నిరూపించు లూదియా, నాకు అంతే చాలు” అంటూ చేతులు పట్టుకుని ఏడ్చింది.

శవం తీసేటప్పుడు అటవీ సిబ్బంది తీసిన ఫోటోలు లూదియా ఫోన్‌లో ఉన్నాయి. ఒకదాన్ని పెద్దది చేసి చూసింది. గుంత అడుగున నేలంతా తడిసి నల్లగా ఉంది. శవాన్ని లేపిన చోట మాత్రం మనిషి ఆకారంలో తెల్లటి పొడి మట్టి. బుధవారం సాయంత్రం ఐదున్నర తర్వాత ఒక గంటసేపు గట్టి వాన కురిసిందని ఊళ్ళో అందరూ చెప్పారు. అంటే వాన మొదలవక ముందే బెన్నీ కింద పడ్డాడు. అంచున ఉన్న పాదముద్రలు చెక్కుచెదరలేదు. వానకు ముందు పడి ఉంటే కొట్టుకుపోయేవి. అంటే అవి వాన వెలిశాక పడ్డాయి.

పంజా దెబ్బ ముందు, అడుగులు గంట తర్వాతా? చిరుత అలా చెయ్యదు. మనిషే చెయ్యాలి.

చేతి మీద కాట్ల చుట్టూ రక్తం కారలేదు. ప్రాణం పోయాక నక్కలు కొరికిన గాట్లు అవి. చిరుత ముందు పట్టేది మెడనే, అక్కడ ఒక్క పంటి గుర్తు కూడా లేదు.

“ఏం లూదియా, ఒంటికాలి చిరుత దొరికిందా?”

వెనకనుంచి వచ్చిన గొంతు ఆమెకు బాగా తెలుసు. సందీప్. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సై ట్రైనింగ్ చేశారు. అతనూ ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు కర్నూల్లో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. ఈ కేసులో శేషయ్య తరఫున వచ్చాడు.

“నీకు ముందే తెలుసా?” లూదియా లేచి నిలబడింది.

“నిన్ననే చూసినా. అన్నీ ఒక్క అచ్చువే. ఎవుడో రాతితో చేపిచ్చినాడు. మీ సమితోళ్ళు దొంగ ముద్రలేసి రెండేండ్లు అందర్నీ ఆడిచ్చినారు. రేపు గ్రామసభలో ఫోటోలు పెడతాండా.”

“అన్నీ తెలిసి నోరెందుకు మూసుకున్న్యావ్? ఊరోళ్ళు చిరుతను కాల్చేస్తామని తిరుగుతాండారు.”

“ఏ చిరుతను? యాడుండాది?” సందీప్ నవ్వాడు. “లేని చిరుతకు బోను పెట్టి మేకను కట్టేసినారు. కష్టమంతా ఆ మేకకే. ఈ ఒక్క దినం ఊరోళ్ళను భయపడనీ. రేపు దొంగ ముద్రల సంగతి చెప్తా, అప్పుడు కోపమొస్తాది. భయమైనా కోపమైనా గుట్ట మావోనికే వస్తాది.”

“ఒక మనిషి సచ్చిపోయినాడు సందీప్.”

“తెలుసు.” అతని నవ్వు ఆగింది. “కాలు జారినాడేమో. లేదంటే ఎవురో తోసినారు. ఆ దొంగ ముద్రల వల్ల మా శేషయ్యకు పని ఆగింది, అది నిజమే. కానీ బెన్నీ పోతే ఆయప్పకు వచ్చేదేం ల్యా. సమితిలో ఇంకొకరు లేస్తారు. నీకు కేసిచ్చినోళ్ళ దిక్కు గూడ ఒకసారి చూడు.”

“నా కేసు నేను చూసుకుంటా. దొంగ ముద్రలెవరివో నువ్వు తేల్చుకో. మనిషిని చంపిందెవరో నాకు కావాల.”

“రెండూ ఒకరే అయితే?”

లూదియా గుట్ట దిగింది. ఆ మాట అతను అనకముందే తన మనసులో మెదిలినందుకు ఆమెకు సిగ్గుగా ఉంది. సమితి గెలవాలని ఆమె కూడా కోరుకుంది. రెండేళ్ళ కింద పేపర్లో పాదముద్ర ఫోటో పడినప్పుడు దాన్ని తన ఆఫీసు గోడకు అంటించుకుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగి సరిగ్గా చూసి ఉంటే?

ముద్రల మెత్త మధ్యలో సన్నటి గీతలున్నాయి, ఒకే వాలులో. చర్మం మీద ఉండే గీతలు కావవి. ఉలి దెబ్బలు. అచ్చు రాతిదే. ఆ చుట్టుపక్కల రాయి చెక్కించుకోవాలంటే ఎవరైనా పోయేది ఆళ్లగడ్డకే.

*

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్లు చాలా ఉన్నాయి. లూదియా అన్నీ తిరగలేదు. ఇలాంటి గుట్టు పని బాగా తెలిసినవాడికే అప్పజెప్తారు. బెన్నీ ఏ చర్చికి పోయేవాడో కనుక్కుని, ఆ చర్చికి వచ్చే శిల్పి ఎవరని అడిగింది. ఒక్క పేరే వచ్చింది, ఏసయ్య.

ఆయన షెడ్డులో ఒక్కడే కూర్చుని సమాధి రాయి చెక్కుతున్నాడు. అరవై దాటిన మనిషి. కనుబొమల నిండా రాతి పొడి. రాయి మీద శిలువ పూర్తయింది, కింద ‘బెన్నీ’ అని రెండక్షరాలు పడ్డాయి.

“ఎవరు చెక్కమన్నారన్నా?” లూదియా అడిగింది.

“ఎవురూ చెప్పల్యా. నేనే చెక్కుతాండా.”

లూదియా ఫోన్‌లో పాదముద్ర ఫోటో తెరిచి ఆ రాయి మీద పెట్టింది. సుత్తి మళ్ళీ పైకి లేవలేదు.

“ఈ గీతలు మీ ఉలివే గదా?”

ఏసయ్య తల ఎత్తలేదు. “నువ్వు పోలీసమ్మవా?”

“ఇప్పుడు కాదు. బెన్నీ ఎట్ల పోయినాడో తెలుసుకోవాలని వచ్చినా.”

“పిల్లోళ్ళకు పాఠం చెప్పేదానికన్న్యాడమ్మా.” ఆయన సుత్తి కింద పెట్టాడు. “ఏ జంతువు అడుగు ఎట్లుంటాదో చూపిస్తానన్న్యాడు. ఫోటో తెచ్చిచ్చినాడు. ఒకే మాదిరి రెండు చేసిచ్చినా. తర్వాత పేపర్లో చూసినా, గుట్ట మీద చిరుత అడుగులని. నా చేతి పని నాకు తెలీకుండా ఉంటాదా?”

“అయినా చెప్పలేదు.”

“గుట్ట మిగిలితే మంచిదే గదా అనుకున్న్యా. నా చిన్నప్పుడు మా నాయన ఆ గుట్ట మీదనే గొర్లు మేపినాడు. ఎవుని సొమ్ము తిన్న్యామమ్మా, ఎవురికి కీడు చేసినాం అని నాకు నేను చెప్పుకున్న్యా.”

“బెన్నీని మళ్ళా ఎప్పుడు చూసినారు?”

“సోమవారం. ఈడికే వచ్చినాడు. సంచిలోంచి ఒక రాయి తీసి, దీన్ని నా కండ్ల ముందర పగలగొట్టన్నా అన్న్యాడు. నేను సుత్తి ఎత్తేలోపల గుంజుకోని ఆయప్పే కొట్టినాడు. ముక్కలు ముక్కలు చేసి ఆడ్నే కూర్చోని ఏడ్చినాడు.”

“రెండో రాయి?”

“ఇంకొకరి దగ్గరుండాది, అడిగితే ఇయ్యల్యా అన్న్యాడు. ఎవురని నేను అడగల్యా. అడిగితే నాగ్గూడ దాంట్లో భాగం ఉన్నట్టయితాదని భయపడినా.” ఏసయ్య ఉలిని పక్కన పెట్టి చేతులు చూసుకున్నాడు. “ఆ రాళ్ళు నేను చెయ్యకపోతే ఆయప్ప ఆ దినం గుట్ట ఎక్కేటోడు కాదు గదమ్మా?”

చట్టం ప్రకారం ఆయన నేరం ఎంతో లూదియా చెప్పగలదు. ఆయన అడిగింది అది కాదు. ఫోన్ తీసుకుని బయటికి నడిచింది.

*

బెన్నీ భార్య ఫెబా అంగన్‌వాడీ టీచరు. లూదియా వెళ్ళేసరికి ఇంట్లో చుట్టాలు భోజనాలు చేస్తున్నారు. ఫెబా ఆమెను వెనకగదిలోకి పిలుచుకుపోయి తలుపు మూసింది.

“మళ్ళా ఏందక్కా?” కళ్ళు వాచి ఉన్నాయి కానీ మాట గట్టిగానే ఉంది. “మొన్న అన్నీ చెప్పినా గదా.”

“రాయి సంగతి చెప్పలేదు ఫెబా.”

ఫెబా మంచం అంచు పట్టుకుని కూర్చుంది.

“పోయిన వారం బీరువా సర్దుతాంటే బట్టల కింద కనపడింది. ఏందిదని అడిగినా. దాచలేకపోయినాడు, అంతా చెప్పినాడు.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “నేనే అన్న్యా అక్కా. ఆదివారం పిల్లోళ్ళకు వాక్యం చెప్పే నోటితో ఇన్ని దినాలు ఈ అబద్ధం ఎట్ల చెప్పినావని అడిగినా. నిజం చెప్తేనే మన ఇంట్లో నాతో మాట్లాడు అన్న్యా. రెండు దినాలు నేను మాట్లాడనే లేదు.”

“అందుకే రాయి పగలగొట్టినాడు.”

“ఆ. గురువారం అడవోళ్ళు వస్తే ముద్రలు మేమేసినవే అని చెప్పేస్తానన్న్యాడు. జైలుకు పోయినా సరేనన్న్యాడు. అప్పుడు గాని నేను అన్నం పెట్టల్యా.” ఆమె మూసిన తలుపు వైపు చూసింది. “నేను నోరు మూసుకోని ఉంటే ఆయన ఈ దినం ఉండేటోడు. నేనే పంపినా.”

లూదియా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అడగాల్సిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. “బుధవారం గుట్టకు ఎందుకు పోయినాడు?”

“నాలుగింటికి ఫోనొచ్చింది. రెండో రాయి ఇచ్చేస్తాం, గుట్ట కాడికి రా అన్న్యారంట. ఆయన మొహం ఎంత తేటగా అయిందో! ఇంగ అంతా అయిపోయింది ఫెబా, రాత్రికి వచ్చి కడుపునిండా తింటా అన్న్యాడు.”

“ఫోన్ చేసింది ఎవరు?”

“ఇంకెవరక్కా, మేడమ్. ఉమామహేశ్వరమ్మ మేడమ్.” ఫెబా మామూలుగానే చెప్పింది. “ఆయమ్మకు ఆ దినం నడుం నొప్పి ఎక్కువై బయలుదేరలేకపోయిందంట. నేను పోయింటే వాడు ఒంటిగా ఉండేటోడు కాదని శవం కాడ ఎంత ఏడ్చిందో. ఆయమ్మను చూస్తే నాకే బాధైంది.”

లూదియా చెయ్యి ఫెబా భుజం మీదనుంచి జారింది. డిగ్రీ రోజుల్లో అడవి మీద తనకు ప్రేమ నేర్పింది ఆ గొంతే. మొన్న తన చేతులు పట్టుకుని ఏడ్చిందీ ఆమే. చిరుత ఏ తప్పూ చెయ్యలేదని ఆమెకు అంత నమ్మకం ఎలా వచ్చిందని తాను ఒక్కసారి కూడా అడగలేదు. గురువును ప్రశ్నించడమేమిటని ఊరుకుంది.

“ఏందక్కా, అట్ల అయిపోయినావు?”

“ఏం లేదు. ఒకటి మాత్రం ఖాయం ఫెబా. ఆయన్ను చిరుత చంపలేదు.”

ఫెబా గబుక్కున లేచింది. “నిజమా? అయితే ఆ బోను తీసెయ్యమని చెప్పల్ల గదా. ఆయన ఆ జీవాల కోసం తిండి, నిద్ర మానుకున్న్యాడు. ఆయన పేరు చెప్పి వాటినే చంపుతామంటే ఊరుకుంటానా? మల్లెలవంకకు పోతా. నేను చెప్తే వింటారు.”

“జాగ్రత్త. ఊరోళ్ళు కోపంగా ఉండారు.”

“నాకన్నానా?”

ఆమె ఆటో ఎక్కేదాకా లూదియా అక్కడే నిలబడింది. తర్వాత కారు నంద్యాల వైపు తిప్పింది. ఫెబాకు అసలు సంగతి చెప్పకుండా పంపించిన తప్పు దారి పొడవునా గుచ్చుతూనే ఉంది.

*

పొద్దు గుంకే వేళకు లూదియా నంద్యాలలో ఉమామహేశ్వరమ్మ ఇంటి మెట్లెక్కింది. తలుపు తీసే ఉంది. ఆమె ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. లూదియాను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

“తేలిందా?”

“తేలింది మేడమ్. చిరుత తప్పు లేదు.”

ఆమె కళ్ళు మూసుకుంది. “చాలు తల్లీ. నాకు అంతే కావాలి.”

“నాకు చాలదు.” లూదియా నిలబడే మాట్లాడింది. “రెండో రాయి యాడుండాది?”

ఉమామహేశ్వరమ్మ బుకాయించలేదు. ఎవరు చెప్పారని కూడా అడగలేదు. లోపలికి పోయి గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. లూదియా ముడి విప్పింది. నున్నటి నల్లరాతి పాదం. వేళ్ళ సందుల్లో ఎండిన మట్టి ఇంకా ఉంది.

“మూడు దినాల నుంచి కడగాలని చూస్తాండా. చెయ్యి రావడం లేదు.”

“ఆలోచన ఎవరిది?”

“నాది. బెన్నీది కాదు, వాని మీద వెయ్యొద్దు.” ఆమె ఇప్పుడు లెక్చరరులా స్పష్టంగా మాట్లాడుతోంది. “ముప్పై ఏండ్లుగా ఆ గుట్ట ఎక్కుతాండా లూదియా. చిరుత వస్తాదని నాకు తెలుసు. గాలిలో వాసన పట్టినా, చెట్టు మీద గోళ్ళ గీతలు చూసినా. కానీ ఒక్కసారి గూడ కంటికి కనపడలేదు. ఒక్క మంచి ముద్ర దొరకలేదు, అంతా రాతి నేల. శేషయ్య అడిగినాడు, చూపించండి, యాడుండాది మీ చిరుత అని. ఏం చూపించల్ల? లేనిదాన్ని కాదు గదా, ఉన్నదాన్నే చూపిస్తాండామని బెన్నీకి నచ్చజెప్పినా. వాడు నా మాట ఎప్పుడూ కాదనలేదు.”

“మొన్న కాదన్నాడు.”

“ఆ.” ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. “తెల్లారితే అడవోళ్ళు ముద్రలు చూసేదానికి వస్తారు. ఒక్క ముద్రయినా లేకపోతే అంతా పోయినట్టే. రాయి ఇస్తానని అబద్ధం చెప్పి పిలిచినా. గుట్ట మీద మళ్ళా మళ్ళా బతిమాలినా, తిట్టినా. వాడు వినలేదు. నిజం చెప్దాం మేడమ్, చెప్పినాక గూడ పోరాడదాం అన్న్యాడు. సంచి పట్టుకోని గుంజినాడు. నేను వదల్లేదు. పట్టుకోని వెనక్కి లాగి, కోపంలో...” ఆమె ఆగింది. “తోసినా. పడిపోవాలని కాదు. కానీ తోసినా. వెనక గుంత ఉందని ఇద్దరం మర్చిపోయినాం.”



“కిందికి దిగినారా?”

“ఈ నడుంతో దిగలేను. పైనుంచి చూసినా.” ఆమె చూపు రాతి పాదం మీదనే ఉంది. “పోయినాడు.”

“తర్వాత వాన వచ్చింది.”

“వచ్చింది.”

“వాన వెలిసినాక ముద్రలు వేసినారు.”

“వేసినా.” కన్నీళ్ళు కారుతున్నా గొంతు మారలేదు. “వాడు పోయినాడు, కనీసం గుట్ట అన్నా మిగలాలనుకున్న్యా. వాని శవాన్నీ ఆ ముద్రల్నీ కలిపి చూస్తారని, దాన్ని చంపుతామంటారని నాకు తట్టలేదు. దేని కోసం ఇంత పాపం చేసినానో దాని మీదికే తెచ్చినా. నిన్ను పిలిచింది అందుకే. నేను నోరు తెరవకుండా నువ్వు దాన్ని కాపాడతావేమో అని ఆశపడినా.”

వాన గంటసేపు కురిసింది. ఆ గంటా ఈమె ఆ గుంత అంచుననే ఉంది. లూదియా నాలుక చివర ఒక ప్రశ్న వచ్చి ఆగింది. పోలీసుగా ఎంతోమందిని అడిగిన ప్రశ్నే అది. ఈమెను అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

“ఇప్పుడు చెప్పు,” ఉమామహేశ్వరమ్మ అంది. “నన్ను పట్టిస్తే రేపు గుట్ట పోతాది. దొంగలు, హంతకులు కాపాడిన గుట్ట ఎవరికి కావాలి? పట్టించకపోతే బెన్నీకి అన్యాయం చేసినదానివవుతావు. నీకు నేను చెప్పిన పాఠాలన్నిటికీ ఇది మంచి గురుదక్షిణ.”

ఏదో అనబోయేంతలో లూదియా ఫోన్ మోగింది. సందీప్.

“లూదియా, బోను మూసుకుంది!” వెనక జనం అరుపులు. అతనికి ఆయాసంగా ఉంది.

“మేక ఏమైనా తగిలి...”

“మేక కాదు, చిరుత! నిజం చిరుత. ఆడది. పాలిచ్చే చన్నులు కనపడతాండాయి, పిల్లలు యాడనో ఉంటాయి. ఊరంతా ఈడ్నే ఉండారు, కిరసనాయిలు డబ్బాలు తెచ్చినారు. అడవోళ్ళు ఇద్దరే ఉండారు, ఎవురూ లెక్కచెయ్యడంలే. బెన్నీ భార్య బోనుకు అడ్డం పోయి నిలబడింది. చిరుత చంపలేదని మొత్తుకుంటాండాది. మొగుడు పోయి మతి చెడిందంటాండారు.”

“నీ ఫోటోలు చూపించు! దొంగ ముద్రలని చెప్పు!”

“చెప్పినా!” సందీప్ అరిచాడు. “చిరుత కండ్ల ముందరుంటే దొంగ ముద్రలేందిరా అని నన్నే కొట్టబోయినారు. నిన్ననే చెప్పింటే వినేటోళ్ళు. పోలీసులకు చేసినా, వస్తాండారు. అంతవరకు వీళ్ళు ఆగరు.”

లూదియా వెనక్కి తిరిగింది. ఉమామహేశ్వరమ్మ లేచి నిలబడి ఉంది. ఫోన్‌లో మాటలన్నీ ఆమెకు వినపడ్డాయి.

“ఉందా?” ఆమె చిన్నపిల్లలా అడిగింది. “నిజంగా ఉందా?”

“ఉంది మేడమ్. తల్లి చిరుత.”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి వేళ్ళ మధ్యనుంచి వచ్చింది. తర్వాత చెయ్యి చాపింది. “ఫోన్ నాకియ్యి.”

ఇక్కణ్ణుంచి మల్లెలవంకకు ఎంత వేగంగా పోయినా గంట పడుతుంది. లూదియా ఫోన్ ఇవ్వలేదు, స్పీకర్ నొక్కింది.

“సందీప్, ఆడ మైకేమన్నా ఉండాదా?”

“గ్రామసభ చాటింపు ఆటో ఉండాది. ఏం?”

“నీ ఫోన్ మైకు కాడ పెట్టు.”

“ఎవురు మాట్లాడేది?”

“బెన్నీ ఎట్ల పోయినాడో కండ్లతో చూసినోళ్ళు.”

సందీప్‌కు అర్థమైంది. పొద్దున గుట్ట మీద మాటలకు ఇప్పుడు ఎగతాళి చేస్తాడని లూదియా అనుకుంది. వినపడింది వేరు. పరుగెత్తుతున్న అడుగులు, ఎవరితోనో పెనుగులాట, తర్వాత మైకు కీచుమన్న శబ్దం.

ఉమామహేశ్వరమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. క్లాసులో వెనక బెంచీకి కూడా వినపడే గొంతు అది.

“మల్లెలవంక వాళ్ళందరికీ చెప్తాండా. నేను ఉమామహేశ్వరమ్మను. సమితి అధ్యక్షురాలిని. ఆ చిరుతను వదిలిపెట్టండి. బెన్నీని అది చంపలేదు. నేను చంపినా. గుంతలోకి నేనే తోసినా. ముద్రలు రాతితో నేనే వేసినా. పోలీసులకు ఇప్పుడే లొంగిపోతా. మీకు కోపముంటే నా మీద పెట్టుకోండి. దానికి పిల్లలుండాయి.”

కేకలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఎవరో ఏదో అడిగారు, ఎవరో గదమాయించారు. డబ్బా ఒకటి రాయి మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఇంకొకటి.

“దించినారు,” సందీప్ మెల్లగా అన్నాడు. “లూదియా, డబ్బాలు దించినారు. పక్కకు జరుగుతాండారు.”

లూదియా గోడకు ఆనుకుంది. అప్పుడు ఫోన్ చేతులు మారిన అలికిడి అయింది. ఎవరో మైకును పక్కకు నెట్టారు. ఊపిరి తీస్తున్న శబ్దం దగ్గరగా వినపడింది.

“మేడమ్.” ఫెబా.

ఉమామహేశ్వరమ్మ వెనక్కి ఒక అడుగు వేసింది.

“ఒక్కటే అడుగుతా మేడమ్. పడినాక ఆయన బతికే ఉన్న్యాడా?”

లూదియా వేలు ఫోన్ మీదికి పోయింది. నొక్కితే లైను తెగిపోతుంది. ఆ ఒక్క మాట ఫెబాకు వినపడకుండా ఆపగలదు. ఉమామహేశ్వరమ్మ ఆమె మణికట్టు పట్టుకుని వేలు పక్కకు తప్పించింది.

“ఉన్న్యాడమ్మా,” అంది. “వాన వెలిసేదాకా ‘మేడమ్, మేడమ్’ అని పిలుస్తానే ఉన్న్యాడు.”